క్యూ విలువ 1.1 అయితే సూర్యుడేమవుతాడు?

సూర్యుడి మధ్యలో ఉష్ణోగ్రత దాదాపు కోటిన్నర కెల్విన్. వినడానికి బ్రహ్మాండంగా ఉంటుంది కానీ, సూర్యుణ్ణి మండించే కలయిక కోసం రెండు ప్రోటాన్లు (హైడ్రోజన్ కేంద్రకాలు) తమ మధ్య వికర్షణను దాటి అతుక్కోవడానికి అది ఏ మూలకూ చాలదు. ఆ వికర్షణ కట్టిన అడ్డుగోడ ఎత్తు అక్కడి సగటు ఉష్ణ శక్తికి సుమారు వెయ్యి రెట్లు. 'మరి ఎలా మండుతోంది సార్?' అని మా డిగ్రీ పిల్లలు ఏటా అడుగుతారు. బోల్ట్జ్‌మన్ సూత్రంలో (ఎంత శక్తి ఉన్న కణాల వాటా ఎంతో చెప్పేది) వెయ్యి వేసి చూడమంటాను. కాలిక్యులేటర్ సున్నా చూపిస్తుంది. లాగరిథమ్‌తో చేస్తే దశాంశ బిందువు తర్వాత 434 సున్నాలు, ఆ తర్వాత 5. సూర్యుడిలో ప్రోటాన్లు 1 పక్కన సుమారు 57 సున్నాలు. అంటే ఒక్కటి కూడా గోడ దూకదు.

అసలు జవాబు 1928లో భౌతిక శాస్త్రవేత్త గామోవ్ లెక్కగట్టిన టన్నెలింగ్. దూకక్కర్లేదు, గోడలోంచే అవతలికి పోవచ్చు.

ఈమధ్య నన్ను పట్టుకున్నది మాత్రం 1988లో బ్రెజిల్‌లో భౌతిక శాస్త్రవేత్త సాలిస్ ప్రతిపాదించిన సాధారణీకృత గణాంకం. అందులో క్యూ అనే సంఖ్య ఉంటుంది. అది 1 అయితే మన పాత బోల్ట్జ్‌మన్ సూత్రమే. 1 కంటే కాస్త పెంచితే అధిక శక్తి కణాల తోక లావెక్కుతుంది, అంటే వాటి వాటా పెరుగుతుంది. అదే వెయ్యిని 1.01తో వేశాను: 104 సున్నాలు. 1.1తో వేస్తే ఇరవయ్యే! టన్నెలింగ్ ఊసే లేకుండా, ఈ ఉష్ణోగ్రతలోనే కుప్పలుతెప్పలుగా ప్రోటాన్లు గోడ దూకేస్తాయి. కలయికకు కావలసిన ఉష్ణోగ్రత అమాంతం దిగిపోతుందన్నమాట.

నిజంగా క్యూ అంత ఉంటే మాత్రం సూర్యుడు ఇలా నిదానంగా మండడు. పైగా ఒక ప్రోటాన్ కలయికకు సగటున వందల కోట్ల ఏళ్లు వేచి చూస్తుంది. ఈలోగా లెక్కలేనన్ని ఢీలు తింటుంది. తోకలో ఏ తేడా వచ్చినా ఆ ఢీలే సరిచేసేస్తాయి. అందుకే సూర్యుడి విషయంలో నాకు నమ్మకం కుదరదు.

1996లో కొందరు ఇటలీ శాస్త్రవేత్తలు దీన్నే తిరగేసి, తోకను సన్నబరిచి, సౌర న్యూట్రినోలు (సూర్యుడిలో కలయికల్లో పుట్టి మన దాకా వచ్చే సూక్ష్మ కణాలు) లెక్క కంటే ఎందుకు తక్కువగా దొరుకుతున్నాయో చెప్పబోయారు. తెలివైన ప్రయత్నమే. కానీ 2001-02లో కెనడాలోని సడ్బరీ ప్రయోగశాల న్యూట్రినోలు దారిలో రూపం మార్చుకుంటున్నాయని తేల్చింది. సూర్యుడి తప్పేమీ లేదు.

2017లో మళ్లీ ఇదే క్యూతో మహావిస్ఫోటనం నాటి లిథియం చిక్కు (సిద్ధాంతం చెప్పినదాని కంటే లిథియం తక్కువగా కనబడటం) విప్పబోయారు. 1.07, 1.08 మధ్య పెడితే లెక్క కుదురుతుందట. కుదరడం సరే, ఆనాటి ప్లాస్మాలో క్యూ ఎందుకు అంత ఉండాలో చెబితే అప్పుడు ఒప్పుకుంటాను.