చర్చిలో బేస్ గిటార్, ఎర్త్ గుంతలో రెండు బకెట్ల నీళ్లు

మట్టల ఆదివారం ప్రార్థన మధ్యలో అయ్యగారు ఒక్క క్షణం ఆగారు. చర్చి మొత్తం నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో నా బేస్ ఒక్కటే పాత ఫ్రిజ్‌లా "మ్మ్మ్..." అంటోంది. నేనేమో తీగ ముట్టుకోనే లేదు. ముందు వరుసలో ఇద్దరు పెద్దమ్మలు తలెత్తి ఫ్యాన్ వైపు చూశారు. కీబోర్డ్ వాయించే తమ్ముడు మాత్రం నేరుగా నావైపే చూశాడు.

వచ్చే శుక్రవారం గుడ్ ఫ్రైడే, మూడు గంటల ఆరాధన. యేసు సిలువ మీద పలికిన ఏడు మాటలకు ఏడు ప్రసంగాలు, మధ్యమధ్యలో మౌనం. ఆ మౌనంలో ఈ మోత వినిపిస్తే నేను ఊళ్లో తలెత్తుకోలేను. చేతిలో ఉన్నవి అయిదు రోజులు.

నేను పగలు అనంతపురంలో ఒక ఎరువుల అంగట్లో లెక్కలు రాస్తాను, ఆదివారం బేస్ వాయిస్తాను. ఈ బేస్‌ని ఫిబ్రవరిలో బెంగళూరు వెళ్లి తెచ్చుకున్నాను. సెకండ్ హ్యాండ్, 9,500 రూపాయలు. అమ్మిన కుర్రాడు రూమ్ ఖాళీ చేస్తున్నాడు, ఆంప్ (గిటార్ శబ్దం పెంచే స్పీకర్ పెట్టె) అప్పటికే అమ్మేశాడట. కరెంటు పెట్టకుండానే నాలుగు తీగలు మీటి, నెక్ (వేళ్లు పెట్టే పొడవాటి చెక్క) వంకర ఉందేమో కన్ను మూసి చూసి, బస్సెక్కేశాను. ఇప్పుడైతే గిటార్ సాకెట్‌లో గుచ్చే చిన్న హెడ్‌ఫోన్ ఆంప్ జేబులో వేసుకోకుండా పాత బేస్ బేరానికి వెళ్లను.

మోడల్ విషయంలో మాత్రం తెలిసే తీసుకున్నాను. బజారులో దొరికే చవక బేస్‌లు చాలావరకు ఫెండర్ కంపెనీ రెండు పాత మోడళ్లకు నకళ్లే. ఒకటి 1951 నాటి ప్రెసిషన్, రెండోది 1960 నాటి జాజ్. ప్రెసిషన్‌లో పికప్ (తీగ ఊపును కరెంటు సిగ్నల్‌గా మార్చే భాగం) రెండు ముక్కలుగా ఉంటుంది, 1957 నుంచి అలాగే వస్తోంది. ఆ రెండు ముక్కలు ఒకదాని మోతను ఒకటి కొట్టేస్తాయి. జాజ్‌లో రెండు విడివిడి పికప్‌లు, రెంటి వాల్యూమ్ నిండుగా పెడితేనే మోత తగ్గుతుంది. ఒక్కటే వాడితే కొంచెం గుయ్‌మంటుంది, అది దాని గుణం. అయినా నావి చిన్న వేళ్లు. జాజ్ నెక్ వెడల్పు తల దగ్గర 38 మిల్లీమీటర్లే, అందుకే అది తీసుకున్నాను.

ఇంటికి తెచ్చాక వాల్యూమ్ తిప్పినప్పుడల్లా కరకర. దానికి కాంటాక్ట్ క్లీనర్ చాలు. కంట్రోళ్ల ప్లేటు విప్పి, కంట్రోల్ లోపలికి రెండు చుక్కలు కొట్టి, ఇరవైసార్లు అటూ ఇటూ తిప్పాను. పోయింది.

తీగల దగ్గర డబ్బు వృథా చేశాను. 45 నుంచి 105 సైజు సెట్ ఒకటి తెప్పించా, రెండు వేలకు అటూ ఇటూ అయింది. ఈ అంకెలు అంగుళంలో వెయ్యో వంతులు. లావు తీగను కీ (తీగ చుట్టే మర) దాకా లాగి కొలిచి, సరిగ్గా అక్కడికే కత్తిరించాను. చుట్టడానికి ఏమీ మిగల్లేదు. కీ దాటాక ఇంకో రెండు కీల దూరం వదలాలి, ముందు తీగను మడిచి ఆ తర్వాతే కత్తిరించాలి. మడవకుండా కోస్తే పైచుట్టు లోపలి తీగ మీద వదులై, స్వరం చచ్చిపోతుంది. నేను రెండు తప్పులూ ఒకే తీగ మీద చేశాను. పాత తీగను నీళ్లలో మరగబెట్టి మళ్లీ ఎక్కించా. మరగబెడితే జిడ్డు పోయి కొన్నాళ్లు గలగలలాడుతుంది గానీ నాలుగు ఆదివారాలు కూడా రాలేదు.

ఏప్రిల్ వచ్చేసరికి మొదటి మూడు ఫ్రెట్‌ల (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు కమ్మీల) దగ్గర తీగలు జరజరమనడం మొదలైంది. మా ఊరి ఎండ సంగతి తెలిసిందే కదా. గాలిలో తేమ పోతే నెక్ తిన్నగా సాగిపోతుంది, ఒక్కోసారి వెనక్కి కూడా వంగుతుంది. నిజానికి నెక్ కొంచెం ముందుకు వంగి ఉండాలి, తీగ ఊగడానికి చోటు కావాలి కాబట్టి. చూడటం తేలిక. లావు తీగను మొదటి ఫ్రెట్ దగ్గర ఒక చేత్తో, చివరి ఫ్రెట్ దగ్గర ఇంకో చేత్తో నొక్కి పట్టాలి. ఏడు, ఎనిమిది ఫ్రెట్‌ల దగ్గర తీగకూ ఫ్రెట్‌కూ మధ్య విజిటింగ్ కార్డ్ పట్టేంత సందు, అంటే 0.3 మిల్లీమీటర్లు, ఉంటే సరి. నాకు కార్డ్ దూరలేదు. మా ఆవిడను పిలిచి కార్డ్ పట్టుకోమన్నా, నాకు రెండు చేతులే కదా. నెక్ లోపల వంపును సరిచేసే ఇనుప కడ్డీ ఉంటుంది; తల దగ్గరున్న రంధ్రంలోంచి దానికి అలెన్ కీ పెట్టి అపసవ్యంగా పావు తిప్పు తిప్పి, తీగలు శ్రుతి చేసి, రాత్రంతా వదిలేశా. పొద్దునకి కార్డ్ దూరింది. ఒక్కసారికి పావు తిప్పు మించకూడదు. అలెన్ కీ బిగుసుకుంటే బలం పెట్టకుండా అక్కడే ఆపేయాలి.

ఇక అసలు మోత. ఆదివారం సాయంత్రం ఫోన్‌లో స్వరం పేరు చూపించే ట్యూనర్ యాప్ తెరిచి స్పీకర్ ముందు పెట్టా. "జి" స్వరం చూపించింది, కాస్త ఎక్కువగా. అప్పుడు వెలిగింది నాకు. మన కరెంటు 50 హెర్ట్జ్. బేస్ లావు తీగ మీద మూడో ఫ్రెట్, అంటే కింది జి, 49 హెర్ట్జ్. జి స్కేల్ పాటల్లో ఈ మోత నా స్వరంలో కలిసిపోయింది, ఎఫ్ స్కేల్ పాట వచ్చినప్పుడు బండారం బయటపడింది. ఇది తీగదీ స్పీకర్‌దీ కాదు, కరెంటుదని తేలింది. నేను మాత్రం "పికప్‌లు చెడిపోయాయి, కొత్తవి కొనాలి" అని ఆరు వేలకు లెక్క వేసుకుంటున్నాను.

సోమవారం అంగడి మూసేశాక పాతూరులో మైక్‌సెట్లు రిపేరు చేసే భాయ్ దగ్గరికి తీసుకెళ్లా. ఆయన నలభై ఏళ్లుగా పెళ్లిళ్లకూ ఉర్సులకూ మైక్ కడుతున్నారు, బేస్ గిటార్ విప్పడం మాత్రం ఇదే మొదటిసారి.

"పికప్ ఏంటికప్పా, అది పనిచేస్తాండాది కదా! మోత ఎప్పుడు తగ్గుతాది, ఎప్పుడు పెరుగుతాది, అది చెప్పు ముందు" అన్నారు.

నా దగ్గర జవాబు లేదు. ఆంప్‌కి పెట్టించి, "తీగలు పట్టుకో" అన్నారు. పట్టుకున్నా, తేడా లేదు. "ఇప్పుడు వైరు గుచ్చిన సాకెట్ ఇనుము పట్టుకో." పట్టుకోగానే మోత సగానికి పడిపోయింది. భాయ్ నవ్వారు.

సంగతేమిటంటే, మన ఒళ్లే కరెంటు మోతను పట్టే ఏరియల్. అందుకే తీగల్ని ఎర్త్‌కి కలిపి ఉంచుతారు. తీగ నుంచి బ్రిడ్జ్‌కి (తీగల కింది కొనలు పట్టి ఉంచే ఇనుప పట్టీకి), బ్రిడ్జ్ కింద దాక్కున్న సన్న వైరు ద్వారా కంట్రోళ్లకి, అక్కడి నుంచి సాకెట్‌కి, కేబుల్‌లోంచి ఆంప్‌కి. చెయ్యి తీగ మీద పడగానే మోత తగ్గాలి. సాకెట్ పట్టుకుంటే తగ్గి, తీగ పట్టుకుంటే తగ్గలేదంటే తెగింది బ్రిడ్జ్ దగ్గరే.

తీగలు వదులు చేసి అయిదు స్క్రూలు విప్పితే బ్రిడ్జ్ లేచింది. వైరు ఉంది, తెగలేదు కూడా. కొన మీద మాత్రం వార్నిష్ ఎండి నల్లగా పెచ్చు కట్టింది, పైగా చెక్క గాడిలో లోపలికి దిగి ఇనుముకు తగలడమే లేదు. ఎవరో బ్రిడ్జ్ మార్చి, వైరు సంగతి చూసుకోకుండా బిగించేశారు. భాయ్ బ్లేడుతో కొనను గీకారు, రాగి మెరిసేదాకా. పోగులు విడదీసి విసనకర్రలా పరిచి, మీద బ్రిడ్జ్ పెట్టి బిగించారు. మల్టీమీటర్ ఒక కొన తీగ మీద, ఒక కొన సాకెట్ మీద పెడితే "బీప్" అంది. టంకం కూడా అవసరం పడలేదు. వంద ఇస్తే యాభై తిరిగిచ్చారు.

గెలిచాననుకున్నా. బుధవారం ప్రాక్టీస్‌లో మోత చాలా తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. అంతకన్నా భయం వేసింది ఇంకోటి. చెయ్యి తీగల మీద ఉండగా పల్లవి అందుకుందామని మైక్ దగ్గరికి వంగితే పెదవి జివ్వుమంది. చీమ కుట్టినంతే అనుకుని వదిలేసే విషయం కాదిది. బేస్ ఒక ఎర్త్‌లో, మైక్ ఇంకో ఎర్త్‌లో ఉంటే మధ్యలో మన ఒళ్లే వైరవుతుంది. ప్రాక్టీస్ ఆపేసి భాయ్‌కి ఫోన్ చేశా.

వచ్చీ రాగానే నా ఆంప్ గుచ్చిన ఎక్స్‌టెన్షన్ బాక్స్ విప్పారు. పైకి మూడు రంధ్రాల సాకెట్, లోపల రెండే వైర్లు. ఎర్త్ రంధ్రం ఉత్త అలంకారం. తర్వాత అడిగారు:

"ఎర్తు యాడుందప్పా మీ చర్చిలో?"

ఎవరికీ తెలియదు. కరెంటు పని చేసే అన్నను పిలిపిస్తే, వెనకాల వేపచెట్టు ఆకుల కింద సిమెంటు మూత దొరికింది. తీస్తే లోపల పైపు, చుట్టూ ఉప్పూ బొగ్గూ వేసిన ఆనవాళ్లు, బీటలు వారిన మట్టి. "ఎండాకాలం దీనికి నీళ్లు పోసినారా ఎప్పుడన్నా?" అని భాయ్ అడిగితే వాచ్‌మన్ నవ్వేశాడు. ఎర్త్ పనిచేసేది తడిమట్టిలోనే. మా జిల్లాలో సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన. గుంత ఎండిపోక ఏం చేస్తుంది? అన్న పైపు మీద తుప్పు పట్టిన బోల్టు మార్చాడు, ఉప్పు వేసి రెండు బకెట్ల నీళ్లు పోశాం. మట్టి గుటగుటా తాగేసింది. ఇంకో బకెట్ పోశాం. బాక్స్‌కి మూడు వైర్ల కేబుల్ వేశాం.

మోత తగ్గించాలని ప్లగ్ ఎర్త్ పిన్ను విరిచేసేవాళ్లను చూశాను, ఆర్కెస్ట్రాల్లో అది మామూలు. ప్రాణం మీదికి తెచ్చుకోవడమే అది. ఆ పనికి డీఐ బాక్స్ (గిటార్ సిగ్నల్‌ను మిక్సర్‌కి సరిపోయేలా మార్చే చిన్న పెట్టె) మీద గ్రౌండ్ లిఫ్ట్ అని స్విచ్చే ఉంటుంది, అది సిగ్నల్ వైరు ఎర్త్‌ను మాత్రమే విడదీస్తుంది. శుక్రవారానికి నేను అదే ఒకటి అరువు తెచ్చుకున్నా, తర్వాత సొంతంగా కొన్నా. నా చిన్న ఆంప్ పది వాట్లది, గిటార్‌కి చేసింది. బేస్ లావు తీగ 41 హెర్ట్జ్, అంత కింది స్వరానికి ఆ చిన్న స్పీకర్ పేపరు చిరిగేలా కొట్టుకునేది. డీఐ నుంచి నేరుగా మిక్సర్‌కి పంపితే చర్చిలో ఉన్న 15 అంగుళాల బాక్సులే ఆ పని చేసిపెడతాయి. చర్చిలో వాయించేవాళ్లకు బేస్ ఆంప్ కన్నా ముందు ఇది కొనుక్కోమంటాను. మీది బ్యాటరీ వేసే ఆక్టివ్ బేస్ అయితే ఇంకో మాట: వాయించడం అయ్యాక వైరు పీకేయండి. గుచ్చి ఉన్నంతసేపూ 9 వోల్టుల బ్యాటరీ అరుగుతూనే ఉంటుంది.

శుక్రవారం మధ్యాహ్నం అయిదో మాట, దాహం గురించినది. ప్రసంగం అయ్యాక మౌనం. వాల్యూమ్ నిండుగా తిప్పి, చేతులు తీగల మీద ఆనించి నిలబడ్డాను. పైన ఫ్యాన్ తిరుగుతున్న చప్పుడు ఒక్కటే వినిపించింది. ఈసారి కీబోర్డ్ తమ్ముడు కూడా తలెత్తి ఫ్యాన్ వైపే చూశాడు.

ఎండాకాలమంతా శనివారం శనివారం వాచ్‌మన్ ఆ గుంతలో రెండు బకెట్లు పోశాడు. జూలైలో గాలి మారింది. విజిటింగ్ కార్డ్ పెట్టి చూస్తే రెండు కార్డులు దూరేంత సందు. అలెన్ కీ మళ్లీ తీశాను, ఈసారి సవ్యంగా, పావు తిప్పు.