కత్తెర లేకుండా ఉన్ని

స్కాట్లాండ్‌లోని అబర్డీన్ నుంచి రాత్రంతా షిప్‌లో ఊగుతూ షెట్లాండ్ దీవులకి వచ్చింది పఫిన్ పక్షులు చూద్దామని, తీరా చేసింది గొర్రెకి ఉన్ని పీకడం! ఇక్కడి పాతరకం గొర్రెల్లో చాలావాటికి జూన్ ఆ టైంకి ఉన్ని దానంతటదే వదులవుతుంది, పాత ఉన్నికీ కింద మొలిచే కొత్తదానికీ మధ్య పోగు సన్నబడి అక్కడ తెగుతుందన్నమాట, దాన్ని చేత్తో లాగేయడాన్నే రూయింగ్ అంటారు. పాపం నొప్పెడుతుందేమో అని భయంభయంగా మెడ దగ్గర పట్టుకుని లాగితే మెత్తగా పొరలా ఊడొచ్చింది, అదేమో హాయిగా నెమరేస్తూ ఉంది. నడుం దగ్గర మాత్రం ఎంతకీ రాలేదు, "ఇంకా టైం ఉంది, వదిలెయ్" అన్నాడు ఆ గొర్రెల పెద్దాయన. కత్తెర పడదు కాబట్టి పోగు చివర మొండిగా ఉండదట, సన్న లేస్ శాలువాలకి అదే కావాలి. వేళ్ళకంటిన ఆ జిడ్డూ గొర్రె వాసనా మూడుసార్లు సబ్బు పెట్టినా పోలేదు, చేతులు మాత్రం భలే మెత్తబడ్డాయి.