తడిస్తే 9 మీటర్లే: మా గేలం వేట సంచిలో కుదురుకోని విసురు తాడు

నీళ్లలో పడినవారికి అందేలా ఒడ్డు నుంచి సంచితో సహా విసిరే మా విసురు తాడు, నాగావళి ఒడ్డున చేసిన తాజా పరీక్షలోనూ 9 మీటర్ల దగ్గరే ఆగిపోయింది. ఇంటి పక్కన ఖాళీ స్థలంలో పొడిగా విసిరినప్పుడు 12 మీటర్లు దాటిపోయిన అదే తాడు, అదే సంచి, ఒకసారి నీళ్లలో మునిగి పైకి వచ్చాక మాత్రం గాలిలోనే ఎవరో వెనక నుంచి లాగినట్టు ఆగి, దాదాపు ఒక మీటరు వెనక్కి వచ్చి పడుతోంది. శ్రీకాకుళానికి ఎగువన మేము గేలాలు వేసే చోట ఒడ్డు నుంచి 12 మీటర్ల వరకు మోకాటి లోతు నీళ్లు, కింద గట్టి ఇసుక. ఆ తరువాత ఒక్కసారిగా మడుగు. తాడు చేరవలసిన చోటికే అది చేరడం లేదన్నమాట.

మిగిలిన సామాను గురించి చెప్పుకోవలసినది పెద్దగా లేదు, ఎందుకంటే అదంతా కుదిరింది. ఈలలు గోళీ లేనివి, ఫాక్స్ 40 రకం. గోళీ ఉన్న ఈల తడిసినా, ఇసుక దూరినా మూగబోతుంది కనుక దాని మీద నాకు నమ్మకం లేదు. చేపముల్లు గుచ్చుకున్నప్పటి వైద్యం కోసం ఫ్లాస్కులో వేడినీళ్లు వస్తున్నాయి. జెల్ల ముల్లు పోటుకు, చర్మం కాలకుండా ఓర్చుకోగలిగినంత వేడి నీటిలో, అంటే సుమారు 45 డిగ్రీలలో, చేతిని అరగంటకు పైగా ఉంచితే నొప్పి బాగా తగ్గుతుంది. పైగా ఆ ఫ్లాస్కు టీకి కూడా పనికొస్తుంది కనుక దానిని ఇంట్లో మరచిపోయే ప్రమాదం లేదు. నీటి అంచున గుచ్చిన వెదురు పుల్ల కూడా బాగా పనిచేస్తోంది. ఎగువన తోటపల్లి, మడ్డువలస గేట్లు ఎత్తితే ఆ నీరు మా దగ్గరికే వస్తుంది. పుల్ల మీద నీరు నాలుగు వేళ్లు పెరిగితే చేప గేలానికి తగులుకుని ఉన్నా సరే సామాను సర్దేస్తాము. ఉరుము విషయంలో మెరుపు నుంచి శబ్దం దాకా లెక్కపెట్టడం పిల్లలకు ఆటగా మారింది. మూడు సెకన్లకు ఒక కిలోమీటరు. లెక్క 30 లోపు ఉంటే కార్బన్ గేలం కర్రలు మడిచి కారు ఎక్కడం, చివరి ఉరుము తరువాత అరగంట వరకు దిగకపోవడం.

లైఫ్ జాకెట్ల మీద మాత్రం ఒక మాట చెప్పాలి. జాకెట్ లోపలి పట్టీ మీద 50, 100, 150 న్యూటన్లు అన్న ముద్ర చూడకుండా కొనవద్దు. 50 అంటే మనిషిని పైకి నెట్టే బలం సుమారు 5 కిలోలు. అది ఈత వచ్చి, సాయం దగ్గరలో ఉన్నవారికి. పిల్లలకు 100 ఉండాలి, తొడల మధ్య నుంచి వెళ్లే పట్టీ కూడా ఉండాలి; లేకపోతే నీళ్లలో జాకెట్ చెవుల దాకా లేచిపోయి బిడ్డ కిందనే ఉండిపోతుంది. ఏ ముద్రా లేని నారింజరంగు జాకెట్లు సగం ధరకే దొరుకుతాయి, కాని వాటిని నేను కూర్చోవడానికి కూడా కొనను.

ఇక తాడు విషయానికి వస్తాను. మా బృందంలో నేను, నా భార్య, ఇద్దరు పిల్లలు, మా అప్ప (అక్క), బావ. ఈత బాగా వచ్చినవాడు బావ ఒక్కడే. నీళ్లలో పడినవారి కోసం మరొకరు దూకడం, ఇద్దరూ పోవడం మన నదులలో తరచుగా వినే వార్తే కనుక, దూకకుండా ఒడ్డు మీది నుంచే చేయగలిగిన పని ఒకటి సంచిలో ఉండాలన్నది మొదటి నుంచీ నా పట్టుదల. అమ్మకానికి వచ్చే విసురు సంచులలో 15 నుంచి 25 మీటర్ల తేలే తాడు ఉంటుంది. వాటి ధర చూశాక సొంతంగా కుట్టించాలని నిర్ణయించాను.

వలలు, తాళ్లు అమ్మే దుకాణంలో 8 మిల్లీమీటర్ల పాలీప్రొపిలీన్ తాడు, మూడు పేటలు పురి పెట్టినది, 20 మీటర్లు తీసుకున్నాను. నైలాన్ ఇంతకంటే మెత్తన, కాని నీటికంటే బరువైనది కనుక మునుగుతుంది, పాలీప్రొపిలీన్ తేలుతుంది. మునిగే తాడు బండలకో, మునిగిన చెట్టుకో చిక్కుకుంటుంది, పడినవారి కంటికీ కనిపించదు. వంటింటి తూకం మీద తాడు 610 గ్రాములు వచ్చింది. సంచి పాత దోమతెరతో కుట్టించి, అడుగున యోగా చాప నుంచి కోసిన 3 సెంటీమీటర్ల ఫోమ్ బిళ్ల పెట్టాను. ఖాళీ సంచి బరువు 140 గ్రాములు, వెడల్పు 14 సెంటీమీటర్లు, ఎత్తు 24.

మొదటి విడత పొడిగానే విసిరాము. నాది 9.1 మీటర్లు, నా భార్యది 8.6, కుర్రతనంలో ఫాస్ట్ బౌలింగ్ చేసిన బావది 9.4. బావ తాడు వైపు చూసి, “ఇదేటి, నా చెయ్యికి, చెల్లి చెయ్యికి తేడా లేదేటి?” అన్నాడు. ఆ మాటతోనే నాకు దారి దొరికింది. బలమైన చెయ్యీ, బలహీనమైన చెయ్యీ ఒకేచోట ఆగుతున్నాయంటే లోపం చేతిలో లేదు, తాడులోనో సంచిలోనో ఉంది. తాడుకు మీటరుకొక ఎర్రదారం కట్టి, ఫోన్‌లో సెకనుకు 240 ఫ్రేముల వేగంతో చిత్రీకరించాను. నెమ్మదిగా చూస్తే 9వ దారం దాటగానే రెండు మూడు చుట్లు కలిసి ఒకే ముద్దగా మూతిలోకి వచ్చి, బొందు దగ్గర ఇరుక్కుంటున్నాయి.

9 దగ్గరే ఎందుకన్న ప్రశ్నకు లెక్క కట్టాను. 8 మిల్లీమీటర్ల తాడు 20 మీటర్ల అసలు ఘనపరిమాణమే దాదాపు ఒక లీటరు. వదులుగా కుక్కితే దానికి కనీసం మూడు రెట్ల చోటు పడుతుంది. ఫోమ్ పోగా నా సంచిలో మిగిలినది 3.2 లీటర్లు, ఆ కనీసానికి బొటాబొటి. అంటే అడుగు సగాన్ని పిడికిలితో అదిమి నింపాము, పై సగం మాత్రం వదులుగా ఉంది. ఆ వదులు భాగం అయిపోయే చోటే 9 మీటర్లు. సంచిని 18 సెంటీమీటర్ల వెడల్పు, 28 ఎత్తుతో మళ్లీ కుట్టించి, మూతిని 6 నుంచి 12 సెంటీమీటర్లకు పెంచాను. తాడును చుట్లుగా పేర్చడం మానేసి, గుప్పెడు గుప్పెడుగా అడ్డదిడ్డంగా కుక్కాము. చుట్టగా పేరిస్తే ప్రతి చుట్టుకూ ఒక మెలి తాడులో చేరుతుంది, లాగినప్పుడు ఆ మెలికలే ముడులవుతాయి. పురి తాడు విషయంలో ఇది మరీ ఎక్కువ. కొలత 11.2కు పెరిగింది.

తరువాత తాడు పొగరు తీయాలనుకున్నాను. దుకాణంలో చాలాకాలం కట్టగా పడి ఉన్నందువల్ల దానికి ఒక అడుగు వెడల్పు వంపులు అలాగే నిలిచిపోయాయి. వేడినీళ్లలో నానబెట్టి, డాబా మీది నుంచి వేలాడదీసి, కింద ఇటుకలు కట్టి రాత్రంతా వదిలేశాను. కొలత 12.6. ఇంట్లో పండుగ వాతావరణం.

ఆ ఉత్సాహంతో నదికి వెళ్తే 8.9.

అక్కడి నుంచి నా అనుమానాల వరుస ఇది. మొదటిది నీటి బరువు. పాలీప్రొపిలీన్ నీటిని పీల్చదు, కాని పేటల సందులలో నీరు నిలుస్తుంది. తడి తాడు 840 గ్రాములు తూగింది. బరువు పెరిగితే సంచి దూరం పోవాలి కదా అనిపిస్తుంది, కాని సంచి ఎగురుతున్నకొద్దీ తాడు బయటికి వచ్చేస్తూ ఉంటుంది. చివరి మీటర్లలో గాలిని చీల్చుకుని పోవలసినది దాదాపు ఖాళీ సంచే. అందువల్ల అడుగున 150 మిల్లీలీటర్ల నీళ్లున్న చిన్న సీసా పెట్టి చూశాను, తడి కొలత 9.6 అయింది. అంతకంటే బరువు పెంచడం నాకు ఇష్టం లేదు. ఆ సంచి వెళ్లి పడేది నీళ్లలో ఉన్న మనిషి తల దగ్గర.

రెండవది దోమతెర. త్వరగా ఆరుతుందని వాడిన ఆ గుడ్డే రెండో విసురుకు శత్రువైంది. మొదటి విసురు తప్పితే తాడంతా మళ్లీ కుక్కే సమయం ఉండదు. తాడును చకచకా లాక్కుని, సంచిలో పావు వంతు నీళ్లు ముంచుకుని, ఆ బరువుతో మళ్లీ విసరాలి. దోమతెర సంచిలో ముంచిన నీరు చెయ్యి వెనక్కి తిప్పేలోపే కారిపోతోంది. ఇందుకు మందు తెలిసింది: అడుగు నుంచి 10 సెంటీమీటర్ల వరకు పాత ఫ్లెక్సీ గుడ్డ, ఆ పైన దోమతెర. ఫ్లెక్సీలకు మన ఊళ్లలో కొదవ లేదు.

మూడవదే నన్ను వదలడం లేదు, అది ఇసుక. ఇంట్లో టబ్బులో మంచినీళ్లతో తడిపి విసిరితే తాడు 11.8 పోయింది. అంటే తడి ఒక్కటే కారణం కాదు. అదే టబ్బులో నది నుంచి తెచ్చిన ఇసుక రెండు దోసిళ్లు కలిపి, తాడును అందులో ఈడ్చి, కుక్కి విసిరితే 9.2. వీడియోలో ఈసారి ముద్ద ఇరుక్కోవడం కనిపించలేదు. తాడు మూతి అంచును రాసుకుంటూ నెమ్మదించి ఆగింది. పేటల మధ్య గాడులలో ఇసుక రేణువులు కూర్చుని, తాడు గరగరలాడుతూ దోమతెర అల్లికను పట్టుకుంటోందని నా ఊహ. పురి తాడుకు ఉన్న ఆ గాడులు అల్లిక తాడుకు చాలా తక్కువ. కాదు, కుట్టు మడతలలో పేరుకున్న ఇసుకే మూతిని బిగిస్తోందని బావ వాదం. తేల్చడానికి ఒకటే మార్గం: సంచిని లోపలిది బయటికి తిప్పి, కుట్టు బయట ఉండేలా చేసి, అదే ఇసుకతో మళ్లీ విసరడం. దర్జీ దగ్గర సంచి ఉన్నంతవరకు ఆ పరీక్ష ఆగింది.

ఈ లోపు అలవాట్ల వైపు కొంత సర్దుబాటు జరిగింది. ఫిన్లాండ్ వంటి చలి దేశాలలో, గడ్డకట్టిన సరస్సుల మీద చేపలు పట్టేవారు మంచు పగిలి పడితే పైకి పాకడానికి పనికొచ్చే పదునైన మేకుల పిడులను మెడలోనే వేసుకుంటారు, సంచిలో పెట్టరు. ఆ పద్ధతి నాకు నచ్చింది. విసురు సంచి ఇప్పుడు సామాను మూటలో లేదు. గేలం వెయ్యనివారి వంతు ఎవరిదైతే వారి నడుముకు ఒక్క లాగుతో ఊడే పట్టీతో ఉంటోంది. తాడు చివరను మాత్రం ఎవరూ చేతికి చుట్టుకోకూడదు, ఒంటికి కట్టుకోకూడదు. పట్టుకుని, మడమలు ఇసుకలో గుచ్చి కూర్చోవాలి. బరువు మరీ మించితే వదిలేయగలగాలి. ఈ విషయంలో మా అప్ప అందరికంటే క్రమశిక్షణ గల మనిషి.

పెద్దమ్మాయికి 20 మీటర్ల సంచి బరువైంది, 6.4 మీటర్లకు మించి పోలేదు. తనకోసం 6 మిల్లీమీటర్ల తాడు 12 మీటర్లతో చిన్న సంచి వేరుగా కుట్టిస్తున్నాను. తాడు 200 గ్రాములకు అటూ ఇటూ ఉంటుంది. పెద్ద సంచికి 8 మిల్లీమీటర్ల అల్లిక తాడు గార్వేర్‌ది తెప్పిస్తున్నాను, వల తాళ్ల విషయంలో వారి సరుకు మీద నాకు గురి ఉంది. పాత పురి తాడు పడవ కట్టుకోవడానికి బ్రహ్మాండంగా పనికొస్తుంది, కనుక పారేసేది లేదు. రెంటినీ ఎండ తగలని చోట పెట్టాలి, పాలీప్రొపిలీన్ ఎండకు పెళుసెక్కుతుంది.

సంచి చేతికి రాగానే పరీక్ష రెండుచోట్ల. నాగావళి ముతక ఇసుక మీద ఒకసారి, కళింగపట్నంలో వంశధార సముద్రంలో కలిసే చోట సన్న ఇసుక మీద మధ్యాహ్నపు సముద్రపు గాలికి ఎదురుగా ఒకసారి. అక్కడ గేలాలు తీయము, ఒడ్డు మీద విసరడమే. తడిసి, ఇసుక పట్టిన తాడుతో నా భార్య రెండో విసురు 13 మీటర్లు దాటితేనే ఆ సంచిని సామానులో లెక్క వేస్తాను. దాటకపోతే ఈ చలికాలానికి మడుగు దగ్గర కూర్చోవడం మాని, వెడల్పు తక్కువగా ఉండే ఎగువ పాయకు మారుతాము. అక్కడ బొచ్చె పడదు, చిన్న పరకలే, కాని లోతు నడుము దాటదు. బావ ఇప్పటికే అందుకు మొహం ముడుచుకున్నాడు.