సెకండ్ హ్యాండ్ బాక్స్‌స్టర్: 2008కీ 2009కీ మధ్య నేను పడ్డ తిప్పలు

పోయిన గురువారం బండి ఇంటికొచ్చింది. కోపం ఇంకా పూర్తిగా చల్లారలేదు, అందుకే ఇప్పుడే రాసేస్తున్నాను. నెల గడిస్తే హ్యూస్టన్‌లో జరిగింది నేనే తేలిగ్గా తీసుకుంటానేమో, అలా కాకూడదు.

మేముండేది డాలస్ పక్కన ఫ్రిస్కోలో. ఆగస్టులో అమ్మాయి కాలేజీకి వెళ్ళిపోయింది. ఇంట్లో మిగిలింది ఇద్దరం, కాబట్టి రెండు సీట్ల కారు కొంటే అడిగేవాళ్ళు లేరు. పోర్షే బాక్స్‌స్టర్ మీద మనసు పడి పదిహేనేళ్ళయింది. కొత్తది మన అందుబాటులో లేదు. 25 వేల డాలర్ల లోపు, చేత్తో గేర్లు వేసేది (మాన్యువల్), రోజూ ఆఫీసుకి తీసుకెళ్ళినా భయపెట్టనిది కావాలి. ఇదీ నా లెక్క.

ఆ డబ్బుకి మూడు రకాలు దొరుకుతాయి. 2003, 2004 మోడళ్ళు. 2005 నుంచి 2008 వరకు వచ్చినవి. 2009 నుంచి 2012 వరకు వచ్చినవి. రెండో రకాన్నీ మూడో రకాన్నీ పార్కింగ్‌లో పక్కపక్కన పెడితే తెలియనివాళ్ళకి తేడా కనపడదు. తేడా అంతా ఇంజిన్‌లో ఉంది. పాత ఇంజిన్‌లో క్రాంక్‌షాఫ్ట్ తిరిగితే ఆ తిరుగుడు ముందు ఇంకో షాఫ్ట్‌కి వెళ్తుంది, అక్కణ్ణుంచి గొలుసుల మీదుగా వాల్వులు తెరిచి మూసే క్యామ్‌షాఫ్ట్‌లకి. ఆ మధ్య షాఫ్ట్‌నే ఐఎంఎస్ అంటారు. దాని చివర, ఫ్లైవీల్ వైపు, ఒక బాల్ బేరింగ్. అది పోయిందంటే టైమింగ్ తప్పి వాల్వులు పిస్టన్లకి కొట్టుకుంటాయి. ఇక ఇంజిన్ మీద ఆశ వదులుకోవాల్సిందే.

తొలి రోజుల్లో ఆ బేరింగ్‌లో రెండు వరసల గుండ్లు ఉండేవి. 2000 ప్రాంతం నుంచి ఒకే వరస పెట్టారు, అదే అన్నిటికన్నా బలహీనమైనది. అయితే గేర్‌బాక్స్ దించి క్లచ్ మార్చేటప్పుడు దాన్నీ మార్చుకోవచ్చు. 2005లో మళ్ళీ మార్చి పెద్ద బేరింగ్ పెట్టారు. అది అరుదుగా పోతుంది, కానీ ఇంజిన్ మొత్తం విప్పితే తప్ప బయటికి రాదు. 2005 మోడల్ కొనేవాళ్ళకి ఇదో తలనొప్పి, ఆ ఏడాది బళ్ళలో రెండు రకాలూ ఉన్నాయి. 2009కి ఇంజిన్నే కొత్తగా చేశారు. అందులో ఆ షాఫ్టే లేదు. మామూలు బాక్స్‌స్టర్‌కి 2.9 లీటర్లు, 255 హార్స్‌పవర్. అంతకుముందు ఏడాది దానికి 2.7 లీటర్లు, 245 హార్స్‌పవర్. నేను చూసింది ఆ పది హార్స్‌పవర్ కోసం కాదు. లేని బేరింగ్ పోదు కదా, అందుకు.

ఇర్వింగ్‌లో ఉండే మా తోడల్లుడు మాత్రం 2004 బాక్స్‌స్టర్ ఎస్ (ఎక్కువ పవరున్న రకం) తీసుకో అని వెంటపడ్డాడు. 258 హార్స్‌పవర్, 13 వేలకే వస్తోంది, బేరింగ్ మార్చారట, బిల్లు కూడా ఉందట. బిల్లు తెప్పించి చూశాను. క్లచ్ మార్చినట్టు ఉంది, బేరింగ్ మాటే లేదు. "మార్చే ఉంటార్లే" అన్నాడు ఆయన. అలా అనుకుని 13 వేలు పెట్టలేను. దాంతో 2009 లేదా ఆ తర్వాతిదే అని తేల్చుకున్నాను.

తేల్చుకోవడం తేలికే, దొరకడమే కష్టం. 2008 ఆర్థిక మాంద్యం దెబ్బకి ఆ ఏళ్ళలో ఇలాంటి కార్లు కొన్నవాళ్ళు తక్కువ, కాబట్టి ఇప్పుడు అమ్మకానికి వచ్చేవీ తక్కువ. రెండు నెలలు వెతికాక హ్యూస్టన్‌లో ఒక చిన్న డీలర్ దగ్గర కనపడింది. "2009 బాక్స్‌స్టర్, మాన్యువల్, 61 వేల మైళ్ళు, 24,900." ఫోన్ చేస్తే ఎత్తినతను తెలుగువాడు. పేరు చూసి నేను అడిగేలోపే "ఏ ఊరన్నా మనది?" అన్నాడు. నరసరావుపేట అంటే వాళ్ళ చిన్నమ్మ వాళ్ళది సత్తెనపల్లి అన్నాడు. పది నిమిషాలు ఊళ్ళ గురించే మాట్లాడుకున్నాం.

విన్ నంబర్ (ప్రతి కారుకీ ఉండే గుర్తింపు నంబర్) పంపమని ఆ రోజు అడిగాను. మర్నాడు మళ్ళీ అడిగాను. మూడోసారి అడిగితే ఒడోమీటర్ ఫోటో పంపాడు. "బండి డీటెయిలింగ్‌కి వెళ్ళిందన్నా, రాగానే పంపుతా. ఈలోపు వేరే పార్టీ శనివారం వస్తానంటున్నారు. ఒక 500 కట్టి ఆపుకోండి. మనవాళ్ళు కాబట్టి చెప్తున్నా" అన్నాడు. కార్డు మీద 500 కట్టాను. నేను చేసిన తప్పు ఇదొక్కటే. విన్ నంబర్ ఇవ్వడానికి మూడుసార్లు సాకు చెప్పినవాడికి, వాడు సొంత మేనమామ కొడుకైనా సరే, రూపాయి ఇవ్వకండి.

శనివారం తెల్లవారుజామున ఐదింటికి బయల్దేరాం. ఐ-45 మీద నాలుగున్నర గంటలు. మా ఆవిడ దారంతా ఆ కారులో మొదట ఎక్కడికి వెళ్ళాలో చెబుతూనే ఉంది.

బండి ఎర్రగా, కడిగి తుడిచి, ఆఫీసు అద్దాల ముందే పెట్టి ఉంది. చూడగానే ఏదో తేడాగా అనిపించింది. 2009 నుంచి ముందు బంపర్, లైట్ల ఆకారం మారింది. దీనిది పాతదే. ప్రకటనలో అన్నీ పక్కనుంచీ లోపలనుంచీ తీసిన ఫోటోలే ఎందుకున్నాయో అప్పుడు అర్థమైంది. బంపర్ ఎప్పుడైనా మార్చారేమో అని సర్దిచెప్పుకుని తాళం తీసుకుని లోపల కూర్చున్నాను.

ఇక్కడ మా నాన్న గురించి ఒక మాట చెప్పాలి. ఆయన ఆర్టీసీలో 31 ఏళ్ళు డ్రైవర్. నాకు 18 రాగానే వినుకొండ రోడ్డు మీద డ్రైవింగ్ నేర్పారు. బండి స్టార్ట్ చేసేముందు గేరు రాడ్డు మీద చెయ్యి వేసి, అన్ని గేర్లూ ఒకసారి వేసి చూసుకోమనేవారు. ఇప్పటికీ ఏ బండెక్కినా నా చెయ్యి ముందు అక్కడికే వెళ్తుంది. ఆ రోజూ అలాగే వేశాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు. ఆరోది తగల్లేదు. చెయ్యి తీసి గుబ్బ మీది బొమ్మ చూశాను. వెండిరంగు అంకెలు కాస్త అరిగి ఉన్నాయి, ఐదు దగ్గరే ఆగాయి. 2009 బాక్స్‌స్టర్ మాన్యువల్ అయితే ఆరు గేర్లు ఉండి తీరాలి. ఐదు గేర్లు అంతకుముందు మోడల్‌కి.

దిగి డ్రైవర్ తలుపు తెరిచి లోపలి అంచున ఉన్న స్టిక్కర్ చూశాను: 03/08. మార్చి 2008లో తయారైంది. కొత్త ఇంజిన్ బాక్స్‌స్టర్‌ని పోర్షే వాళ్ళు లాస్ ఏంజిలస్ ఆటో షోలో మొదటిసారి చూపించిందే 2008 నవంబరులో. ఇక ముందు అద్దం కింద విన్ నంబర్ దగ్గరికి వెళ్ళి ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి లెక్కపెట్టాను. 17 అక్షరాల్లో పదోది మోడల్ ఇయర్. అక్కడ 8 ఉంది.

"ఇది 2008 కదండీ" అన్నాను. నెమ్మదిగానే అన్నాను.

"2009 జనవరిలో అమ్మారన్నా, అందుకే 2009."

"ఎప్పుడు అమ్మారన్నది మోడల్ ఇయర్ కాదు కదా. టైటిల్ మీద ఏముందో చూపించండి."

టైటిల్, అంటే యాజమాన్య పత్రం, బ్యాంకులో ఉందన్నాడు. అలాగైతే 2008 రేటుకి ఇవ్వండి, బయట 19, 20 వేలకి చూశాను అన్నాను. నిజానికి ఆ మాటతో నేనే ఒక మెట్టు దిగాను. 2008 వద్దనుకుని వచ్చినవాణ్ణి, అంత దూరం వచ్చాం కదా అని అడిగాను. అతను నవ్వి మేనేజర్ని పిలిచాడు. అక్కడ ఇంకో రెండు కుటుంబాలు కార్లు చూసుకుంటున్నాయి. అందరూ వినేలా ఇంగ్లీషులో, "ఈయన కారు కొనడానికి రాలేదు, మనల్ని ఇంటర్వ్యూ చెయ్యడానికి వచ్చాడు" అన్నాడు. తర్వాత మా ఆవిడ వైపు తిరిగి తెలుగులో, "అక్కా, పోర్షే కొనే స్తోమత ఉన్నవాళ్ళు ఇలా వేలు పెట్టి లెక్కలెయ్యరు. సార్‌కి మంచి క్యామ్రీ చూపించమంటారా?" అన్నాడు.

ఇరవై రెండేళ్ళుగా ఈ దేశంలో ఉంటున్నాను. నా యాసని వెక్కిరించినవాళ్ళు ఉన్నారు. నేను మాట్లాడుతుంటే మధ్యలో ఫోన్ చూసుకున్నవాళ్ళు ఉన్నారు. అవేవీ ఇంతగా గుచ్చుకోలేదు. నా భాషలో, నా భార్యని అక్కా అని పిలిచి, ఆవిడ ముందే నా స్తోమత మాట ఎత్తాడు. నాకు నోట మాట రాలేదు. చెవులు వేడెక్కాయి. చేతిలో ఇంకా తాళం ఉంది.

"ఏమండీ, ఆ తాళం ఇచ్చేయండి. పోదాం" అంది మా ఆవిడ. ఆ తర్వాత అతనితో, "బాబూ, మీరు 2009 అని రాశారు, ఆయన 8 అని చదివారు. ఇందులో స్తోమత ఎక్కడుంది?" అంది. అతను జవాబు చెప్పలేదు. 500 సంగతి అడిగితే, మీరే వద్దన్నారు కాబట్టి రాదన్నాడు మేనేజర్. పదో అక్షరం దగ్గర వేలు పెట్టి ఫోటో తీసుకున్నాను, స్టిక్కర్ కూడా తీసుకున్నాను, వచ్చేశాం. తిరుగుదారిలో కార్సికానా దాటేదాకా ఇద్దరం మాట్లాడుకోలేదు.

దీన్ని ఇంత పొడుగ్గా ఎందుకు చెబుతున్నానంటే, కొత్తగా వచ్చిన మన పిల్లలు చాలామంది తెలుగు వినపడగానే కాగితాలు అడగడం మానేస్తారు. అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటం. ఆ మొహమాటాన్నే పెట్టుబడిగా పెట్టుకుని వ్యాపారం చేసేవాళ్ళు ఉన్నారు. ఊరి పేరు కలిసినా కలవకపోయినా టైటిల్ చూడండి. విన్‌లో పదో అక్షరం చూడండి. 2001 నుంచి 2009 వరకు 1 నుంచి 9 అంకెలు, 2010 నుంచి మళ్ళీ ఎ, బి, సి అక్షరాలు.

కార్డు కంపెనీకి ప్రకటన కాపీ, రెండు ఫోటోలు పంపి ఫిర్యాదు పెట్టాను.

ఈ కారు దొరికింది ఫోర్ట్ వర్త్‌లో, ఒక రిటైరైన పెద్దాయన దగ్గర. ఫోన్లో విన్ అడిగితే రెండు నిమిషాల్లో పంపారు. పదోది 9, పదకొండోది యు. యు అంటే ఫిన్లాండ్‌లో ఊసికౌపుంకి ఫ్యాక్టరీలో తయారైందని అర్థం. జర్మనీలో చేసినవాటికి ఎస్ ఉంటుంది. బూడిదరంగు, ఆరు గేర్లు, 58 వేల మైళ్ళు. కొన్నప్పటి నుంచి ఆయిల్ మార్చిన ప్రతి కాగితం ఒక ఫైల్లో వరసగా పెట్టుకున్నారు. వెల 24,500.

అయినా మెకానిక్‌కి చూపించకుండా కొనలేదు. పోర్షేలే చూసే ఒక చిన్న షెడ్డులో 340 డాలర్లు తీసుకున్నారు. బండి ఎత్తి, స్పార్క్ ప్లగ్గులు తీసి, సన్నటి కెమెరా గొట్టం దించి ఆరు సిలిండర్ల గోడలూ స్క్రీన్ మీద చూపించాడు. ఇంజిన్ బోరుకొచ్చిందని మన మెకానిక్‌లు అంటారే, దాని తొలి గీతలు అక్కడ కనిపిస్తాయి. మా బండికి లేవు. కంప్యూటర్ పెట్టి ఇంజిన్‌ని ఎన్నిసార్లు హద్దు దాటి తిప్పారో కూడా చూశాడు, ఇంజిన్‌కి ప్రమాదమైన పై స్థాయిల్లో ఒక్కటీ లేదు. సీట్ల కింద కార్పెట్ తడిమాడు. మడిచే టాప్ దగ్గర నీళ్ళు పోయే గొట్టాలు పూడుకుపోతే ఈ బళ్ళలో నీళ్ళు లోపలికి వస్తాయట. పొడిగానే ఉంది. పట్టుకున్నవి రెండే: వాటర్ పంప్ దగ్గర కూలెంట్ కారి ఎండిన తెల్లటి మరక, వెనక టైర్ల మీద 3117 అన్న అంకె. అంటే 2017లో 31వ వారం. చూడ్డానికి అరగలేదు గానీ వయసైపోయింది. ఆ రెండూ చూపించి అడిగితే పెద్దాయన బేరమాడకుండా 1,500 తగ్గించారు.

టైటిల్ మార్పిడి పావుగంట పని. 130-యు ఫారం, ఇద్దరి సంతకాలు, 6.25 శాతం పన్ను 1,437 డాలర్ల 50 సెంట్లు. టెక్సస్‌లో బండి తక్కువకి కొన్నామని రాసి పన్ను తప్పించుకోవడం కుదరదు, ప్రభుత్వం కట్టిన విలువలో 80 శాతం కన్నా తక్కువ చూపిస్తే ఆ 80 శాతం మీదే లెక్కేస్తారు. మా ధర అంతకన్నా ఎక్కువే ఉంది, ఏమీ అడగలేదు.

తోడల్లుడు ఆదివారం వచ్చి ఒక రౌండు వేసి, 2004 మాట ఎత్తకుండా కాఫీ తాగి వెళ్ళాడు.

నిన్న కార్డు కంపెనీ నుంచి కబురొచ్చింది, 500 వెనక్కి వచ్చేశాయి. అవి వెనక టైర్లకి పోతాయి. శనివారం తొమ్మిదింటికి రమ్మన్నారు, వాటర్ పంప్ కూడా అప్పుడే.