జ్వరం దిగిన రాత్రి

నాకు డెంగీ వచ్చింది శ్రావణంలో. ఇప్పుడు మార్గశిరం. ఇప్పటికి గానీ రాయడానికి చెయ్యి రాలేదు.

మొదటి నాలుగు రోజులు చెప్పుకోడానికేం లేదు. జ్వరం, కళ్ల వెనక పోట్లు, డెంగీ తేల్చే ఎన్‌ఎస్‌1 రక్తపరీక్ష పాజిటివ్, పారాసిటమాల్. ఐదో రోజు పొద్దున్న ఒళ్లు చల్లబడింది. అత్తయ్య చారన్నం కలిపి పెట్టారు. గండం గడిచిందనుకున్నాం. డెంగీలో అసలు గండం జ్వరం దిగాకే మొదలవుతుందని మాకెవరూ చెప్పలేదు.

ఆ రాత్రే కడుపులో మెలిపెట్టే నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం. మా ఆయన తన ఆటోలోనే దగ్గర్లో ఉన్న ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్లారు. ప్లేట్‌లెట్లు 22 వేలు. ఆరోగ్యశ్రీ కార్డు తీస్తే, ఇక్కడ చెల్లదన్నారు. అడ్వాన్సు 30 వేలు. "డబ్బు తొందరగా చూసుకోండి. తర్వాత మనిషికేమైనా అయితే మమ్మల్ని అనొద్దు" అన్నాడు కౌంటర్లో కుర్రాడు, ఫోన్లోంచి తల ఎత్తకుండానే. నేను అక్కడే స్ట్రెచర్ మీద ఉన్నాను. అన్నీ వినబడుతున్నాయి. పిల్లలిద్దరూ నిద్రలో ఎలా ఉన్నారో అదే కళ్ల ముందు మెదిలింది. ఆ కౌంటర్ కుర్రాడికి మా తమ్ముడి వయసుంటుంది. ఆ మాట మాత్రం నేను క్షమించను.

ఒక రాత్రి, ఒక పగలు. ఒక బ్యాగు ప్లేట్‌లెట్లతో కలిపి 41 వేలు. నా గాజులు నాలుగూ తాకట్టుకెళ్లాయి. అంత చేసినా మర్నాటికి అంకె 19 వేలే. "ఇంకేటమ్ముతావురా?" అని తన తమ్ముణ్ణి, అంటే మా ఆయన్ని, కేకలేసి, మా పెద్దొదినే నన్ను విశాఖలోని ప్రభుత్వ పెద్దాసుపత్రి కేజీహెచ్‌కి మార్పించింది. ఆవిడ రుణం ఈ జన్మకి తీరదు.

అక్కడ రాత్రి డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ గంటగంటకీ వచ్చి బీపీ చూసేది. "ప్లేట్‌లెట్ల అంకె ఒక్కటే చూసి బెంగ పెట్టుకోకమ్మా. రక్తం చిక్కబడుతోందా, మూత్రం సరిగ్గా వస్తోందా, మేం చూసేది అది" అని నా చెయ్యి పట్టుకుని చెప్పింది. రక్తనాళాల్లోంచి నీరు బయటికి జారిపోతుందట, దాన్ని సెలైన్‌తో లెక్కగా నిలబెట్టాలట. ఇంత చిన్న మాట చెప్పడానికి ముందటి చోట ఎవరికీ నోరు రాలేదు. మూడో రోజుకి అంకె దానంతటదే పెరిగింది. బయట కొన్న మందులకీ తిండికీ అయింది మొత్తం మూడు వేలు.

జ్వరం తగ్గాక కడుపునొప్పి, వాంతులు, రక్తం కనబడితే తెల్లారేదాకా ఆగకండి. ఒళ్లునొప్పులకని బ్రూఫెన్, డైక్లోఫెనాక్ మింగకండి. మా కంచరపాలెంలో కుళాయి నీళ్లు డ్రమ్ముల్లో పట్టుకోక తప్పదు. మూతలు పెట్టండి, డెంగీ దోమ మంచినీళ్లలోనే పుడుతుంది, ఎక్కువగా పగలే కుడుతుంది.

గాజులింకా విడిపించలేదు. పోయిన గురువారం బురుజుపేట వెళ్లి, మట్టిగాజుల చేతులతోనే కనకమహాలక్ష్మమ్మకి పసుపు రాసి, పాలు పోసి వచ్చాను.