వంక పారిన రోజే నీళ్లు పట్టాలి

కడప జిల్లా వేముల మండలంలోని తుమ్మలపల్లె యురేనియం కర్మాగారం వ్యర్థాలు కె.కె.కొట్టాల దగ్గరి టెయిలింగ్ పాండ్‌కు, అంటే వ్యర్థాల బురదను నిల్వ చేసే చెరువుకు చేరతాయి. ఆ చుట్టుపక్కల వంకల్లో నీటి నమూనాలు తీయడానికి మూడు నెలలకోసారి వెళ్లాలన్న లెక్క ప్రకారం వేసవి మొదట్లో వెళ్లాను. బండల మధ్య అడుగు లోతు పాచి నీళ్లు, ఒడ్డున తెల్లటి చౌడు తప్ప వంకలో ఏమీ లేదు. మేకలు తోలుకొచ్చిన పెద్దాయన నన్ను చూసి, "వంక పారేటప్పుడు రాకుండా, ఎండినాక వచ్చి ఏం పట్టుకపోతావు సార్?" అన్నారు. సమాధానం తోచక సీసా కడుగుతూ ఉండిపోయాను. ఆవిరైపోగా మిగిలిన ఆ నీటి విద్యుత్ వాహకత (కరిగిన లవణాలు ఎంత ఉన్నాయో చూపే కొలత) ఎండ తీవ్రతను చెబుతుందే గాని పాండ్ నుంచి నీళ్లు ఊరుతున్నాయో లేదో చెప్పదు.

జార్ఖండ్‌లోని జాదుగూడ యురేనియం కర్మాగారంలో ఖనిజాన్ని సల్ఫ్యూరిక్ ఆమ్లంతో కరిగించి, వ్యర్థాలను సున్నంతో తటస్థం చేస్తారు. తుమ్మలపల్లె రాయిలో కార్బనేట్ ఎక్కువ కాబట్టి ఆమ్లమంతా దానికే ఖర్చైపోతుంది. అందుకే 2012లో మొదలైన ఈ కర్మాగారం సోడియం కార్బనేట్, బైకార్బనేట్‌ అనే క్షారాలను వాడుతుంది. అయితే క్షార నీటిలో యురేనియం కార్బనేట్‌తో జతకట్టి అడుగుకు దిగకుండా కరిగే ఉంటుంది గనుక, పాండ్ నుంచి ఊట ఉంటే నీటితోపాటే అదీ కదులుతుంది. తాగునీటిలో యురేనియానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దు లీటరుకు 30 మైక్రోగ్రాములు, మన అణుశక్తి నియంత్రణ మండలి చెప్పినది 60. కానీ ఈ కడప రాళ్లలో యురేనియం సహజంగానే ఉంది కాబట్టి, ఆ ఒక్క అంకె పట్టుకుని పాండ్‌ను తప్పుపట్టడం గాని, వెనకేసుకురావడం గాని నాకు సమ్మతం కాదు. సోడియం, సల్ఫేట్‌లు కూడా యురేనియంతోపాటు పెరిగాయా, ఎగువ నీటికీ దిగువ నీటికీ తేడా ఎంత, 2012కు ముందు కొలతలు ఏం చెబుతున్నాయి అన్నవన్నీ కలిపి చూడాలి.

అందుకే ఆ తర్వాత వాన పడ్డ రోజునే బయలుదేరాను. ఎర్రటి నీటితో సీసాను మూడుసార్లు కడిగి, పీహెచ్, వాహకత అక్కడికక్కడే చూసుకుని, లోహాల కోసం తీసిన భాగాన్ని 0.45 మైక్రాన్ల ఫిల్టరులో వడకట్టి నైట్రిక్ ఆమ్లం చుక్కలు వేశాను. సల్ఫేట్ సీసాలో ఆమ్లం వేయలేదు. వడకట్టకుండా ఆమ్లం వేస్తే మట్టి రేణువుల్లో ఉన్నది కూడా కరిగి లెక్కలోకి వచ్చేస్తుంది. ఇంత జాగ్రత్త పడీ, దారి తెగిపోవడంతో ఎగువకు వెళ్లలేకపోయాను. పోల్చడానికి జత లేని దిగువ నమూనాతో ఏ నిర్ణయానికీ రాలేం.

ఈసారి ఎగువ వంక పక్కనే ఉన్న ఆ పెద్దాయన ఇంట్లో ఖాళీ సీసాలు ముందుగానే పెట్టి వచ్చాను. వంక పారగానే పట్టి, టైము రాసిపెడతానన్నారు.