ఫారంలో ఖాళీగా ఉంచిన గడి

కార్తీక సోమవారం, రాత్రి తొమ్మిదిన్నర.

జిమ్ వాళ్లు ఇచ్చిన ఫారం ఈ సాయంత్రం దాకా, నాలుగు రోజులుగా నా సంచిలోనే ఉంది. పేరు, వయసు, రక్తపు గ్రూపు, పాత గాయాలు, వాడే మందులు అన్నీ నింపాను. ‘ప్రస్తుత బరువు’, ‘చేరవలసిన బరువు’ అని పక్కపక్కన ఉన్న రెండు గడులను మాత్రం ముట్టుకోలేదు. ఫారం తయారుచేసినవారి తప్పేమీ లేదు. అక్కడికి వచ్చేవారిలో చాలామంది ఆ రెండు అంకెల మధ్య దూరాన్ని తగ్గించుకోవడానికే వస్తారు. నా సంగతి వేరు. ఆరేళ్ల కిందట నేనూ ఒక నోటుపుస్తకంలో అలాంటి గడి గీసుకొని అందులో ఒక అంకె రాసుకున్నాను. దాన్ని చేరిన రోజునే కొట్టేసి అంతకంటే చిన్నది రాశాను. ఆ కొట్టివేతలు హైదరాబాదులోని ఒక ఆసుపత్రి వార్డులో గాని ఆగలేదు. ఆ అంకెలేవీ ఇక్కడ రాయను. ఇదే జబ్బుతో ఉన్నవారు ఎవరైనా దీన్ని చదివితే మొట్టమొదట తమ అంకెను నా అంకెతో పోల్చుకుంటారు. నేనూ అప్పట్లో అదే చేసేదాన్ని.

జబ్బు పేరు అనొరెక్సియా నెర్వోసా, బరువు పెరుగుతామన్న భయంతో తిండిని తగ్గించుకుంటూ పోయే మానసిక జబ్బు. అమ్మ దాన్ని ‘తిండి జబ్బు’ అంటుంది. చుట్టాలకు చాలాకాలం గ్యాస్ ట్రబుల్ అనే చెప్పాం. బరువు తిరిగి వచ్చి రెండేళ్లు దాటింది, నెలసరి క్రమంగా రావడం మొదలై పద్నాలుగు నెలలైంది. పోయిన నెలలో ఈసీజీ తీసి, రక్తంలో పొటాషియం వంటివి చూసిన తరువాతే డాక్టరు గారు బరువులెత్తే వ్యాయామానికి ఒప్పుకున్నారు. ఈ పరీక్షలు లేకుండా ఎవరూ మొదలుపెట్టకూడదని ఇంత గట్టిగా చెప్పడానికి నాకు కారణం ఉంది. జబ్బు ముదిరిన రోజుల్లో నా నాడి చాలా నెమ్మదిగా కొట్టుకునేది, అది బాగా పరుగెత్తేవారి గుండె లక్షణమని నేను నమ్మాను. అది శిక్షణ పొందిన గుండె కాదని, తిండి లేక ఖర్చు తగ్గించుకుంటున్న గుండె అని ఆసుపత్రిలో చేరాకగాని తెలియలేదు.

ఈ రోజు తెల్లవారుజామున ఐదింటికే అమ్మ లేపింది. కార్తీక సోమవారాల్లో నల్లగొండ దగ్గరి పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో దీపాలు వెలిగించడం ఆమెకు ఏటా ఉన్న అలవాటు. స్నానం చేసి వచ్చేసరికి నా కోసం ప్లేటులో ఇడ్లీలు, పల్లీల చట్నీ పెట్టి ఉన్నాయి. ఆమె ఒక్కపొద్దు ఉన్నా నా ఒక్కదాని కోసం పొయ్యి వెలిగించింది. గుడికి పోయేముందు తినడం నాకు మనసొప్పక నిలబడిపోతే, ‘‘తిను బిడ్డా. నా ఒక్కపొద్దు నాది, నీ మందు నీది’’ అన్నది.

ఆమె ఆ మాట అనగలగడానికి చాలాకాలం పట్టిందని నాకు తెలుసు. నా జబ్బు మా ఇంట్లోకి భక్తి రూపంలోనే వచ్చింది. ముందు శనివారం ఒక్కపొద్దు, తరువాత సోమవారం, ఆ తరువాత గురువారం. ఇంటికి వచ్చినవాళ్లంతా ఈ కాలంలో ఇంత నిష్ఠ గల పిల్ల ఎక్కడుందని మెచ్చుకునేవారు. తిననని చెబితే అనుమానించే ఇంట్లో ఉపవాసమంటే ఎవరూ అడ్డు చెప్పరు. అమ్మ ఉపవాసంలో కోరికేదీ లేదు, సాయంత్రం చుక్కలు చూసి తృప్తిగా తింటుంది. నాకు మాత్రం చుక్కలు కనిపించిన తరువాత కూడా ఇంకొంతసేపు ఆగగలిగితే బాగుండునని ఉండేది. అందుకే ఉపవాసాలు ఉండకూడదన్న నియమాన్ని డాక్టరు గారు చెప్పకముందే అమ్మే పెట్టింది. తిన్న తరువాతే గుడికి వెళ్లాను. కోనేటి గట్టున దీపం వెలిగిస్తున్నప్పుడు కడుపులో బరువుగా అనిపించింది, చేతులు మాత్రం వణకలేదు. పోయినేడాది ఇదే చోట అగ్గిపుల్ల గీయడానికి అమ్మ సాయం కావలసివచ్చింది.

మధ్యాహ్నం మా బడి స్టాఫ్ రూములో నలుగురం టీచర్లం ఉన్నాం. ముగ్గురు ఉపవాసం. నేను ఒక్కదాన్నే బాక్సు తెరిచాను: అన్నం, దోసకాయ పప్పు, నువ్వుల పొడి, పెరుగు. లెక్కల మేడమ్ ఎంతో ప్రేమగా, ‘‘ఇప్పుడు మంచిగ ఒళ్లు చేసినవ్, ముఖంలో కళ వచ్చింది’’ అన్నది. మన దగ్గర ఇది దీవెన లాంటి మాట. ఆ మాట నా చెవికి ఎలా చేరుతుందో ఆమెకు తెలిసే వీలు లేదు. గొంతులో ముద్ద ఆగింది. రెండు నిమిషాలు నీళ్లు తాగుతూ కూర్చొని, మళ్లీ మొదలుపెట్టి, బాక్సు పూర్తిచేశాను. ఇరవై అయిదు నిమిషాలు పట్టింది. ఈ రోజు చేసినవాటిలో అన్నిటికంటే కష్టమైన వ్యాయామం ఇదేనని రాసిపెట్టుకోవాలి, ఎందుకంటే ఏ యంత్రమూ దీన్ని లెక్కించదు.

భోజనాల తరువాత ఎనిమిదో తరగతి పిల్లల ఎత్తు, బరువు చూసి ఆరోగ్య కార్డుల్లో ఎక్కించే పని ఉంది. ఇదివరకు వరండాలో వరుసగా నిలబెట్టి అంకెలను బిగ్గరగా చదివేవారు. ఈసారి హెడ్మాస్టరు సారును అడిగి సైన్సు ల్యాబులో, ఒక్కొక్కరిని లోపలికి పిలిచి, పైకి చదవకుండా రాశాను. ఒక అమ్మాయి తూకం దిగుతూ, ‘‘నేను ఎక్కువున్ననా టీచర్?’’ అని అడిగింది. ఎత్తు పెరిగే వయసులో బరువు పెరగకపోతేనే చూసుకోవాలని, పెరగడం ఒంటి పని అని చెప్పాను. పదమూడేళ్ల వయసులో నాకు ఆ మాట ఎవరూ చెప్పలేదు.

కార్డులో బీఎంఐకి, అంటే ఎత్తుతో పోల్చి బరువును చెప్పే అంకెకు, కూడా ఒక గడి ఉంది. ఆ సూత్రానికి మూలం 19వ శతాబ్దపు బెల్జియం గణాంక శాస్త్రవేత్త కెట్లే. ఆయన జనసమూహాల సగటులను అధ్యయనం చేస్తూ దాన్ని కనుక్కున్నాడు, ఒక్కో మనిషి ఆరోగ్యాన్ని నిర్ణయించడానికి కాదు. దానికి బాడీ మాస్ ఇండెక్స్ అన్న పేరును ప్రచారంలోకి తెచ్చింది 1972లో యాన్సెల్ కీస్. ఆ పేరు చూసినప్పుడల్లా నాకు ఆయన చేసిన ఇంకో పని గుర్తుకొస్తుంది. 1944–45లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో 36 మంది ఆరోగ్యవంతులైన యువకులను, వారి సమ్మతితోనే, ఆరు నెలలపాటు అర్ధాకలితో ఉంచి కీస్ బృందం పరిశీలించింది. సన్నబడాలన్న కోరిక వాళ్లలో ఎవరికీ లేదు. అయినా వాళ్లు రోజంతా తిండి గురించే ఆలోచించారు, వంటల పుస్తకాలు చదివారు, పళ్లేన్ని గంటలకొద్దీ ముందు పెట్టుకొని కూర్చున్నారు, స్నేహితులకు దూరమయ్యారు. మళ్లీ తిండి పెట్టిన తరువాత కూడా చాలామందికి కడుపు నిండినా ఆకలి తీరలేదు.

అర్ధరాత్రి దాకా వంటల వీడియోలు చూస్తూ మరునాడు ఏమీ తినని రోజులు నాకున్నాయి. అది నా బుద్ధిలోని లోపమనే అనుకునేదాన్ని. కోలుకునేటప్పుడు వచ్చిన ఆకలిని చూసి, ఇక నేను ఎక్కడా ఆగనేమోనని ఎంతగా భయపడ్డానో! ఆకలితో అలమటించిన ఏ శరీరమైనా అలాగే ప్రవర్తిస్తుందని, కొంతకాలం ఎక్కువ అడిగి తరువాత తనంతట తాను నిదానిస్తుందని తెలిసిన రోజు కలిగినంత ఊరట నాకు మరే మందుతోనూ కలగలేదు. కోలుకుంటున్నవారు బరువు గురించి లక్ష్యాలు పెట్టుకునే ముందు ఈ ఒక్క సంగతి తెలుసుకోవాలని మనసారా కోరుకుంటాను.

ఇక ఎముకలు. రెండేళ్ల కిందటి డెక్సా స్కాన్‌లో నా నడుము ఎముకల సాంద్రత నా వయసుకు ఉండవలసినదానికంటే తక్కువని తేలింది. తిన్నదానికంటే ఖర్చు ఎక్కువై నెలసరి ఆగిపోతే, ఈస్ట్రోజెన్ అనే హార్మోను తగ్గి ఎముక పలచబడుతుంది. ఆటగాళ్లలో ఇదే స్థితికి 2014లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ నిపుణులు ప్రత్యేకంగా ఒక పేరే పెట్టారు. స్కాన్ రిపోర్టు చేతికిచ్చిన రోజు నాకు నాయనమ్మ గుర్తుకొచ్చింది. ఆమెది మర్రిగూడ వైపు పల్లె. బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ ఆమె నడుమును వంచేసింది, చివరి పదేళ్లు నేలను చూస్తూనే నడిచింది. పటికతో, సున్నంతో ఫ్లోరైడ్‌ను తొలగించే పద్ధతికి దేశమంతా నల్లగొండ టెక్నిక్ అన్న పేరుందని ఏటా పిల్లలకు పాఠం చెబుతాను. ఎముకల బాధ అంటే ఏమిటో పుట్టినప్పటి నుంచి చూసిన నేనే నా ఎముకలను గుల్ల చేసుకున్నానని డాక్టరు గారి ముందు ఏడ్చాను. ఆవిడ చాలాసేపు ఆగి, ‘‘మీ నాయనమ్మ ఆ నీళ్లను కోరుకోలేదు. మీరూ ఈ జబ్బును కోరుకోలేదు’’ అన్నారు.

ముప్ఫై ఏళ్లు వచ్చేదాకా ఎముక గట్టిపడే వీలుంటుందని చెబుతారు. నాకిప్పుడు ఇరవై ఏడు. జిమ్‌కు వెళ్లాలనుకోవడానికి అసలు కారణం ఇదే. ఎముక మీద బరువు పడితే అది బలపడుతుంది, అయితే తగినంత తిండి ఉంటేనే. తిండి లేని వ్యాయామం ఉన్నదాన్ని కూడా తీసుకుపోతుంది.

పోయిన వారం డాక్టరు గారితో, పోషకాహార నిపుణురాలితో కూర్చొని లక్ష్యాలు రాసుకున్నాం. మేం మొదట రాసింది విశ్రాంతి రోజులు: మంగళ, శుక్రవారాలు. బరువులు వారానికి రెండుసార్లు, నలభై నిమిషాలకు మించకూడదు. తక్కిన రోజుల్లో నడక, అదీ ఎవరితోనైనా మాట్లాడుతూ. తినకుండా చెప్పులు కూడా తొడగకూడదు. జ్వరమొస్తే వ్యాయామం లేదు. తప్పిపోయిన రోజును మరునాడు తీర్చుకోకూడదు. బరువు విషయంలో మాకు ఒక అంకె అంటూ లేదు, ఒక హద్దు ఉంది. అది ఎంతో డాక్టరు గారికి తెలుసు, నాకు తెలియదు. నెలకోసారి తూకం మీద అటు తిరిగి నిలబడతాను. ఆ హద్దు కంటే కిందికి వస్తే జిమ్ ఆగిపోతుంది, దానికి వాదన లేదు. కొందరికి అంకెను చూసి, దానికి అలవాటు పడటమే చికిత్స. నాకు ఇప్పటికి చూడకపోవడమే మంచిదని ఆవిడ అభిప్రాయం. ఉప్పు ఎక్కువైనా, నెలసరి దగ్గరపడినా, ఒంట్లో నిల్వ ఉండే పిండిపదార్థం గ్లైకోజెన్ నిండి దానితోపాటు నీరు చేరినా తూకం మారుతుందని పిల్లలకు విడమరిచి చెప్పగలను, కాని ఉదయాన్నే ఆ గాజుపలక మీద నిలబడితే నా చదువంతా ఎటో పోతుంది. అందుకే ఇంట్లోని తూకాన్ని అమ్మ ఎప్పుడో ఎవరికో ఇచ్చేసింది.

సాయంత్రం బస్సు ఆలస్యమై గడియారం సెంటర్ దగ్గర దిగేసరికి నా సమయంలో సగం గడిచిపోయింది. దారిలోనే అరటిపండు, గుప్పెడు వేయించిన పల్లీలు తిన్నాను. ట్రైనర్‌కు ఫారం ఇచ్చాను. రెండు గడుల మీదుగా అడ్డగీత గీసి, కింద ఇలా రాశాను: ‘మాఘమాసంలో చెరువుగట్టు జాతరకు అమ్మతో కలిసి, అమ్మ నడకతో, మెట్ల దారిన గుట్ట ఎక్కాలి.’ జబ్బు రోజుల్లో ఆ మెట్లను ఖాళీ కడుపుతో ఎక్కి, దిగి, మళ్లీ ఎక్కాను. అమ్మ మధ్యలో కూర్చొని ఆయాసపడుతుంటే ఆమె పక్కనుంచే రెండుసార్లు దాటిపోయాను. అది తలచుకుంటే ఇప్పటికీ గుండె పిండినట్లవుతుంది. ఈసారి ఆమె కూర్చున్నచోట కూర్చోవాలి, దిగిన తరువాత ఆమెతో కలిసి పులిహోర తినాలి.

ట్రైనర్ చిన్నవాడు. ఫారం చదివి కాసేపు ఊరుకున్నాడు. జబ్బు సంగతి సూటిగా చెప్పాను. కొవ్వు కరిగించడం, పొట్ట తగ్గించడం అన్న మాటలు నా ముందు అనవద్దని, అద్దానికి ఎదురుగా కాకుండా గోడ వైపు నిలబెట్టమని అడిగాను. ‘‘సరే అక్కా’’ అని, ఫారం వెనుకవైపు తిప్పి, తాను ఏమేమి గమనించాలో చెప్పమన్నాడు. నేను నలభై నిమిషాల తరువాత కూడా వెళ్లకపోయినా, రోజులు పెంచమని అడిగినా, తినకుండా వచ్చినట్లు అనిపించినా ఆపేసి అమ్మకు ఫోన్ చేయాలని రాశాం. అమ్మ నంబరు కింద ఉంది. ఇలాంటి జబ్బు ఉందేమోనని అనుమానమున్నా ఎవరిని అడగాలో తెలియని పిల్లలు అతని దగ్గరికి వస్తే చెప్పడానికి ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416 కూడా రాయించాను. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

మిగిలిన ఇరవై నిమిషాలే చేశాను. చిన్న డంబెల్స్ పట్టుకొని కుర్చీలోంచి లేచి కూర్చోవడం, గోడకు చేతులానించి నెట్టడం. సమయం కాగానే ఆపేశాను. అప్పటిదాకా బాగానే ఉంది. బయటికి రాగానే, సగమే చేశావు కదా, మిగతా సగం ఇంటిదాకా నడిచి పూర్తిచెయ్యి అని ఆ పాత గొంతు మొదలుపెట్టింది. దాని మాట ఎప్పుడూ ఇంత న్యాయంగానే వినిపిస్తుంది. కాళ్లు నిజంగానే గుంజాయి. అయిదు నిమిషాలు గడియారం సెంటర్‌లో నిలబడి, షేర్ ఆటో ఎక్కాను.

ఇంటికి చేరేసరికి అమ్మ గుమ్మంలో కూర్చొని ఉంది. చుక్కలు ఎప్పుడో కనపడ్డాయట. ‘‘నీ కోసమే ఆగిన, కాళ్లు కడుక్కొని రా’’ అన్నది. ఇద్దరికీ కలిపి వడ్డించింది: అన్నం, పప్పుచారు, వంకాయ కూర, నైవేద్యం పెట్టిన పరమాన్నం. పరమాన్నం దగ్గర చెయ్యి ఒక్క క్షణం ఆగింది. అమ్మ చూసింది, ఏమీ అనలేదు, తన గిన్నెలోది తినసాగింది. నేనూ తిన్నాను. రేపు మంగళవారం, విశ్రాంతి. బూట్లు అలమరలో పైఅరలో పెట్టేశాను.